గ్రావిటాస్: బరువు నుంచి పెద్దరికం దాకా

క్రీ.పూ. 390లో గాల్ తెగలు రోమ్ నగరంలోకి చొరబడ్డాయని సంప్రదాయ లెక్క. మూడున్నర శతాబ్దాల తర్వాత ఆ ఘట్టాన్ని లివీ తన చరిత్రలో రాశాడు. పోరాడగల వయసువాళ్లు కాపిటల్ కొండెక్కి రక్షణ ఏర్పాట్లు చేసుకున్నారు. ఒకప్పుడు పెద్ద పదవులు నిర్వహించిన వృద్ధులు మాత్రం కొండ మీది తిండిగింజలకు తామెందుకు భారమని ఇళ్లకు మళ్లారు. అధికార వస్త్రాలు ధరించి దంతపు పీఠాల మీద కూర్చున్నారు. దోపిడీకి వచ్చిన సైనికులు వాళ్లను చూసి నిలువునా ఆగిపోయారు. మనుషులో విగ్రహాలో తేలక ఒకడు మార్కస్ పాపీరియస్ అనే ముసలాయన గడ్డం నిమిరాడు. ఆయన చేతిలోని దంతపు కర్రతో వాడి నెత్తిన ఒక్కటి వేశాడు. ఊచకోత అక్కడి నుంచే మొదలైంది.

ఇదంతా ఇంత నాటకీయంగా జరిగిందంటే నేను నమ్మను. కానీ పెద్దమనిషి ఎలా ఉండాలని లివీ కాలపు రోమన్లు కోరుకున్నారో ఈ కథ చెబుతుంది. ఆ వృద్ధుల ముఖాల్లో శత్రువుకు కనిపించినదాన్ని వర్ణించడానికి లివీ వాడిన మాటల్లో ‘గ్రావిటాస్’ ఒకటి.

లాటిన్‌లో ‘గ్రావిస్’ అంటే బరువైనది. దాని నుంచి పుట్టిన గ్రావిటాస్‌కు మొదటి అర్థం బరువే. తర్వాత అది మాటకు విలువ, నడతకు నిబ్బరం అయింది. దానికి ఎదురుమాట ‘లెవిటాస్’, అంటే తేలికతనం. ఈ జంట మనకు కొత్తదేమీ కాదు. గ్రావిస్‌కు సంస్కృత ‘గురు’ శబ్దం, లెవిటాస్‌కు మూలమైన ‘లెవిస్’కు ‘లఘు’ శబ్దం తోబుట్టువులని భాషాశాస్త్రం నిర్ధారించింది. పద్యానికి గణవిభజన చేసిన ప్రతి తెలుగు విద్యార్థీ రోమన్ వక్త సిసిరో వాడిన జంటనే కాగితం మీద గుర్తులుగా పెట్టాడన్నమాట. తెలుగు ద్రావిడ భాషే అయినా ఈ రెండు మాటలూ సంస్కృతం నుంచి వచ్చి మన ఛందస్సులో స్థిరపడ్డాయి. బరువు నుంచి గౌరవానికి సాగిన దారి కూడా రెండుచోట్లా ఒకటే. ‘గౌరవం’ పుట్టింది గురు శబ్దం నుంచే కదా! అయితే ఆ మూలానికి మరో కొమ్మ కూడా ఉంది. ‘బరువైన, మందమైన’ అనే అర్థమున్న ‘బ్రూటస్’ ఆ ధాతువుదేనని పండితుల మాట. బుర్ర బరువెక్కితే గౌరవం కాదు, మాంద్యం.

రోమ్‌లో ఈ గుణం అందరి సొత్తు కాలేదు. వయసు, వంశం, సెనేట్‌లో స్థానం ఉన్నవాళ్లకే అది సహజమన్నట్టు మాట్లాడేవారు. క్రీ.పూ. 59లో ఆసియా రాష్ట్ర మాజీ గవర్నర్ ఫ్లాకస్ మీద అక్రమ వసూళ్ల కేసు నడిచింది. అతని తరఫున నిలబడ్డ సిసిరో, సాక్ష్యం చెప్పడానికి వచ్చిన గ్రీకుల మీద లెవిటాస్ ముద్ర వేశాడు. వాళ్లకు మాటకారితనం ఉంది గాని ప్రమాణానికి కట్టుబడే నిబ్బరం లేదని వాదించాడు. డబ్బు పోగొట్టుకున్నవాళ్లు తేలికమనుషులు, వసూలు చేశాడన్న ఆరోపణ ఉన్నవాడు బరువైన మనిషి! న్యాయనిర్ణేతలు రోమన్లే కాబట్టి ఈ తూకం చెల్లింది.

ఇంగ్లీషులోకి ‘గ్రావిటీ’ 16వ శతాబ్దపు తొలి రోజుల్లో వచ్చింది, అదీ మనిషి గాంభీర్యాన్ని చెప్పడానికే. వస్తువులు కిందికి పడే గుణమనే అర్థం మరో వందేళ్లకు చేరింది. 1687లో న్యూటన్ తన ‘ప్రిన్సిపియా’ను లాటిన్‌లో రాస్తూ ఆ బలాన్ని గ్రావిటాస్ అనే పిలిచాడు. ఆ తర్వాత సామాన్యుడికి గ్రావిటీ అంటే భౌతికశాస్త్రమే గుర్తుకొచ్చే స్థితి వచ్చింది. పరిస్థితి తీవ్రతను చెప్పడానికి పాత అర్థం ఇంకా బతికే ఉంది గాని, మనిషి పెద్దరికానికి 20వ శతాబ్దపు ఇంగ్లీషు రచయితలు మళ్లీ లాటిన్ రూపాన్నే తెచ్చుకున్నారు. ఈ ఖాళీని న్యూటనే సృష్టించాడని నాకనిపిస్తుంది.

అలా తిరిగొచ్చిన మాట టీవీ చర్చల్లో అరిగిపోవడానికి ఎంతోకాలం పట్టలేదు. 2000 జులైలో జార్జ్ డబ్ల్యూ. బుష్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా మాజీ రక్షణమంత్రి డిక్ చెనీని ఎంచుకున్నప్పుడు, అమెరికన్ వ్యాఖ్యాతలు ఒకరి తర్వాత ఒకరు ఆయన గ్రావిటాస్ తెస్తాడన్నారు. పొగిడింది చెనీని, దెప్పింది బుష్‌ని. రేడియోలో రష్ లింబా ఆ గొంతులన్నింటినీ వరసగా అతికించి వినిపించి నవ్వించాడు.