ముడతల లేపనం - దాని వెనుక చెరసాల

సంస్కృతంలో "వలీపలితములు" అనే జంటపదం ఉంది. వలి అంటే చర్మంపై ముడత, పలితం అంటే నెరసిన వెంట్రుక. ముసలితనానికి ఇవి రెండూ గుర్తులని మన పూర్వులు తలచారు. వీటిని పోగొడుతుందని చెప్పడం ఆయుర్వేదంలో రసాయనౌషధాన్ని పొగిడే పద్ధతుల్లో ఒకటి. పలితం సంగతి ఎలా ఉన్నా, వలి విషయంలో నేరం వయసొక్కదానిదే కాదు. ఏళ్ళ తరబడి పొలంలో పనిచేసిన రైతు ముంజేతినీ, చొక్కా చాటున దాగిన అతని భుజాన్నీ పక్కపక్కన చూడండి. రెండింటి వయసూ ఒకటే, చర్మాలు మాత్రం వేరు. ఆ తేడా ఎండది. తెల్లని చర్మంలో ఎండదెబ్బ ముడతలుగా కనిపిస్తుంది. మన చాయలో మంగుగా, నల్లమచ్చలుగా ఎక్కువగా తేలుతుంది.

ఈ ఎండదెబ్బకు పైపూతగా పనిచేస్తుందని శాస్త్రీయంగా నిలబడిన మందుల్లో ముఖ్యమైనది ట్రెటినోయిన్. ఇది ఎ విటమిన్ నుండి పుట్టిన ఆమ్లం. రేచీకటి పేరు చెప్పగానే మనకు గుర్తొచ్చే ఆ విటమినే. దాని అణునిర్మాణాన్ని 1931లో తేల్చిన పాల్ కారర్‌కు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎ విటమిన్ లోపిస్తే చర్మం గరుకెక్కుతుందని వైద్యులకు తెలుసు. కనుక దాని ఆమ్లాన్ని చర్మంపై పూసి చూడాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది. 1962లో జర్మనీలో గుంటర్ స్టుట్‌గెన్ దీన్ని చర్మరోగాలకు వాడి చూశారు. మంట ఎక్కువగా ఉండడంతో అది అప్పట్లో అంతగా వ్యాపించలేదు.

అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్ దాన్ని మొటిమల వైపు మళ్ళించారు. 1969లో ఆయన బృందం వ్యాసం వెలువడింది, 1971లో రెటిన్-ఎ పేరుతో మందు అమ్మకానికి వచ్చింది. మొటిమలకు దాన్ని రాసుకున్న నడివయసు స్త్రీలు తమ ముఖం నునుపెక్కిందని చెప్పసాగారు. వారి మాటను కొట్టిపారేయకుండా పరీక్షించి, 1986లో క్లిగ్మన్ మరో వ్యాసం ప్రకటించారు. 1988లో మిషిగన్ విశ్వవిద్యాలయం వారు 30 మందిపై 16 వారాలు చేసిన పరీక్ష దాన్ని బలపరచింది. మందు పడిన ముంజేతులన్నీ మెరుగయ్యాయి. అయితే నూటికి 92 మందికి చర్మం ఎర్రబడి, పొట్టు లేచింది. 1993లో అదే విశ్వవిద్యాలయం మరొక అధ్యయనంలో లోపలి సంగతి చూపించింది. ఎండ వల్ల తగ్గిపోయిన కొల్లాజెన్ అనే మాంసకృత్తు తయారీ, మందు రాసినచోట 80 శాతం పెరిగింది. ఉత్త లేపనం రాసినచోట 14 శాతం తగ్గింది.

అమెరికా ప్రభుత్వం దీన్ని ఎండదెబ్బ తిన్న చర్మానికి రెనోవా పేరుతో అనుమతించింది 1995లో. అప్పుడు కూడా ఎండ తగలకుండా చూసుకోవడమే మూలమనీ, మందు దానికి తోడు మాత్రమేననీ స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది తయారీదారు ఆర్థో సంస్థ, అనుమతి రాకముందే ముడతల కోసం మందును ప్రచారం చేసిన కాగితాలను నాశనం చేసినట్లు ఒప్పుకొని 75 లక్షల డాలర్లు చెల్లించింది.

ఇంతవరకూ ఇది తెలివీ ఓపికా గల వైద్యుని కథ. ఇక రెండవ సగం. ఫిలడెల్ఫియాలో హోమ్స్‌బర్గ్ అనే చెరసాల ఉండేది. 1951 నుండి 1974 వరకు క్లిగ్మన్ అక్కడి ఖైదీల చర్మంపై ప్రయోగాలు సాగించారు. రెటిన్-ఎ పరీక్షలూ వాటిలో ఉన్నాయి. డౌ కెమికల్ సంస్థ కోసం డయాక్సిన్ అనే విషాన్ని కూడా పూసి చూశారు. ఖైదీలలో అధికులు నల్లజాతివారు. జామీను కట్టలేక, నేరం రుజువు కాకుండానే లోపల ఉన్నవారు ఎందరో. వారికి ముట్టింది కొద్ది డాలర్లు. ఏ మందు పూస్తున్నారో, దాని ఫలితమేమిటో వారికి సరిగా చెప్పలేదు. మనిషి ఇష్టపూర్వక సమ్మతి లేనిదే ప్రయోగం కూడదని నాజీ వైద్యుల విచారణ తర్వాత న్యూరెంబర్గ్‌లో 1947లోనే రాసుకున్నారు. అలా రాసిన న్యాయమూర్తులు అమెరికావారే కావడం ఇందులో విషాదం.

అలెన్ హార్న్‌బ్లమ్ 1998లో రాసిన పుస్తకంతో ఈ చరిత్ర లోకానికి విస్తృతంగా తెలిసింది. 2000లో దాదాపు 300 మంది మాజీ ఖైదీలు దావా వేస్తే, కాలదోషం పట్టిందని కోర్టు కొట్టివేసింది. క్లిగ్మన్ 2010లో మరణించారు. విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల 2021లోనూ, ఫిలడెల్ఫియా నగరం 2022లోనూ క్షమాపణ చెప్పాయి. అప్పటికి ఆ ఖైదీలలో చాలామంది లేరు.

ఈ చరిత్రకు మన వీధుల్లో ఒక కొనసాగింపు ఉంది. 1975లో క్లిగ్మన్ సూచించిన మరొక మిశ్రమంలో ట్రెటినోయిన్, హైడ్రోక్వినోన్, స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. మంగుకు వైద్యుని పర్యవేక్షణలో కొద్దికాలం వాడవలసిన మందు అది. దాని రూపాంతరాలను మన ఆడపిల్లలు తెలుపెక్కే క్రీములనుకొని మందుల దుకాణంలో అడిగి కొని, నెలల తరబడి రాసుకుంటున్నారు. స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడి, రక్తనాళాలు బయటపడి, మానేస్తే ముఖం మండిపోతుంది. 2018లో కేంద్రం స్టెరాయిడ్ లేపనాలను చీటీ ఉంటేనే అమ్మాలనే జాబితాలో చేర్చింది. చీటీ అడిగే దుకాణదారులు ఎందరో మీకే తెలుసు.

ఖైదీకి చెప్పేవారు లేరు. మన పిల్లకు చెప్పవలసినవారు చెప్పడం లేదు. రెండుచోట్లా లోపించింది ఒకటే - చర్మం ఎవరిదో, దాని మీద పడుతున్నదేమిటో వారికి తెలియాలన్న ధర్మం. ట్రెటినోయిన్ మంచి మందే, నేను దాన్ని నిందించను. వైద్యుడు రాసిస్తే వాడుకోండి. గర్భిణులు మాత్రం దాన్ని ముట్టకూడదు. ఆ గొట్టం మూత తీసేటప్పుడు, లోపలి లేపనం మొదట ఎవరి వీపు మీద ఆరిందో ఒక్కసారి తలచుకోవడం మన విధి అని నా నమ్మకం.