తీపియు, జ్ఞాపకమును

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో శుభవార్త తెచ్చినవారి నోరు తీపి చేయుట మర్యాద. ఇంటి పెద్దలు నిన్నటి మాట మరచినచో "వయసు మీదపడినది" అని సరిపెట్టుకొనుట అలవాటు. ఈ రెంటికిని నడుమ గల బంధము ఎట్లు బయటపడినదో కొంత ముచ్చటింపదలచితిమి.

మధుమేహము మన పూర్వులకు క్రొత్త కాదు. రోగి మూత్రమునకు చీమలు చేరుటను చరకసంహిత పేర్కొన్నది. ఆ తీపికి కారణము చక్కెరయేనని 1776లో మాథ్యూ డాబ్సన్ అను ఆంగ్ల వైద్యుడు ప్రయోగపూర్వకముగా చూపెను. 1921లో టొరంటో నగరమున బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వెలికితీసిరి. ప్రాణము నిలుపు మార్గము దొరకినది. వార్ధక్యమున జ్ఞాపకశక్తి మాటయో?

హాలండులోని రాటర్‌డామ్‌లో 55 ఏండ్లు నిండిన ఆరువేలమందికి పైగా పరిశీలించిన ఫలితములు 1999లో వెలువడినవి. మధుమేహులకు డిమెన్షియా అను మతిమరుపు వ్యాధి వచ్చు అవకాశము ఇంచుమించు రెట్టింపని తేలినది. 2013లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు మరియొక సంగతి చెప్పిరి: మధుమేహము లేనివారిలో సైతము, రక్తమున గ్లూకోజు సగటున 100 ఉన్నవారికంటె 115 ఉన్నవారికి ఆ ప్రమాదము 18 శాతము హెచ్చు. ఇవి సంబంధమును చూపునవే గాని, చక్కెరయే ఏకైక కారణమని నిరూపించునవి కావు. అయినను గ్లూకోజు ఏండ్ల తరబడి హెచ్చుగా నున్నచో మెదడులోని సన్నని రక్తనాళములు చెడునని వైద్యులెరుగుదురు.

ఈ మాట మన డెల్టాకు మిక్కిలి అవసరము. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఇచట మాగాణి విస్తరించినది. తరువాత దంపుడు బియ్యము పోయి మిల్లు బియ్యము వచ్చినది, కాయకష్టము తగ్గినది. పండుగనాటి తీపి దినదినపు కాఫీలోనికి దిగినది. తెల్లని అన్నము సైతము త్వరగా గ్లూకోజుగా మారునని మరువరాదు.

తీపిని నిందించుట మా ఉద్దేశము కాదు. అరిసెను పండుగకే ఉంచుకొందము. పెద్దలకు మరపు కనబడినపుడు చాదస్తమని త్రోసివేయక, రక్తపరీక్ష చేయింతము. మందులను మాత్రము వైద్యుని అడుగక మార్చరాదు. చక్కెర మితిమీరి పడిపోవుటయు మెదడునకు చేటే. ఏ పొలము గట్టు ఎచటిదో, ఏ యింటితో ఏ చుట్టరికమో పెక్కు ఊళ్లలో పెద్దల జ్ఞాపకమునందే వ్రాయబడియున్నది. ఆ గ్రంథమును కాపాడుకొనుట మన విధి.