ఆటిజం

గ్రీకులో ‘ఆటోస్’ అంటే తాను. 1911లో స్విట్జర్లాండ్ వైద్యుడు బ్లాయిలర్ స్కిజోఫ్రీనియాలో మనిషి తనలోకి ముడుచుకుపోవడాన్ని ‘ఆటిజం’ అన్నాడు. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆ పేరును పిల్లల విషయంలో వాడాడు. నాకైతే ఆ పేరు సగమే నిజమనిపిస్తుంది. ఆటిజం ఉన్న పిల్లలు లోకాన్ని వద్దనుకోరు. చాలామందికి లోకమే మరీ గట్టిగా వినిపిస్తుంది. సిరిసిల్ల మరమగ్గాల చప్పుడు మనకు అలవాటే, అలాంటి బిడ్డకు అది భరించలేనిది కావచ్చు. చెవులు మూసుకుంటే మొండితనం అంటాం!

1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. తెలంగాణ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలూ ఉన్నాయి. కానీ చట్టాలు, కేంద్రాలు ఉంటే సరిపోదు, మనమూ మారాలి.

జగిత్యాలైనా, కోరుట్లైనా, బతుకమ్మ ఆడేచోట డీజే మోత తగ్గించండి. ఆటిజం ఉన్న బిడ్డను దూరం నుంచైనా తనకు నచ్చినట్టు చూడనివ్వండి. తల్లిని మాత్రం మీతో ఆడడానికి పిలవండి.