అర్థము చెడని మాట మార్పు

ఒక వాక్యమును వేఱొక విధముగా జెప్పి, యర్థమును మాత్రము చెడనీయకుండుట చిన్న పనిగా గన్పట్టును. ఆంగ్లము నేర్చు పిల్లలకు పరీక్షలలో నిచ్చు నీ యభ్యాసమునకు మన దేశమున నొక చరిత్ర గలదు. కరీంనగరము జిల్లాలోని చొప్పదండి వంటి యూరి పిల్లల వైపు నుండి చూచినచో నా చరిత్ర తేటపడును.

ఈ విద్య మనకు క్రొత్తది కాదు. మన పండితులు పద్యమునకు మొదట అన్వయము గూర్చి, ప్రతిపదార్థము చెప్పి, తుదకు తాత్పర్యమును దమ మాటలలో వ్రాయుచుండిరి. సి. పి. బ్రౌను దొర మనుచరిత్ర, వసుచరిత్రములకు జూలూరి అప్పయ్య పండితునిచే టీకలు వ్రాయించినదియు నీ పద్ధతినే. అర్థమెఱిగినవాడే మాట మార్పగలడనునది దీనికి మూలము.

నిజాము రాజ్యమున నీ క్రమము తలక్రిందయ్యెను. 1918 లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనభాషగా గైకొని, ఆంగ్లమును నిర్బంధ పాఠ్యముగా నుంచెను. దేశభాషలో నున్నతవిద్య యను తలంపు గొప్పదే. కాని యా భాష తెలుగింటి బాలుని భాష గాదు. ఒక పరభాషను మఱియొక పరభాషతో విప్పుకొనవలసినవాడు, అర్థమును విడిచి రూపమును బట్టుకొనక యేమి చేయును? 1935 లో మాడపాటి హనుమంతరావుగారి యధ్యక్షతను ఆంధ్ర మహాసభ నాడు ఈ జిల్లాలోనే యుండిన సిరిసిల్లలో సమావేశమయ్యెను. మాతృభాషలో విద్య గావలెనని యా మహాసభ కోరుచు వచ్చెను.

ఇంచుమించుగా నా కాలముననే వెలువడిన రెన్, మార్టిన్‌ల ఆంగ్లవ్యాకరణము నేటికిని మన పాఠశాలలలో వాడుకలో నున్నది. అందలి వాక్యపరివర్తనమున 'టూ' అను మాట గల వాక్యములు ముఖ్యములు. 'హి ఈజ్ టూ వీక్ టు వాక్' అను దానిలో లేదు, కాదు అను మాట యెక్కడను గానరాదు. దీనిని 'సో', 'దట్' లతో మార్చునపుడు మాత్రము 'కెనాట్' చేర్చవలెను. సూత్రమును వల్లించిన బాలుడు ఆ 'నాట్' ను మఱచెనా, నడువలేనివాడు నడచిపోవును! 'నడువలేనంత నీరసముగా నున్నాడు' అని ముందుగా దెలుగున ననుకొన్న బాలిక యంత సులభముగా మోసపోదు. ఆ 'లేనంత' లోనే నిషేధ మున్నది.

చొప్పదండిలో నిప్పుడు జవాహర్ నవోదయ విద్యాలయము గలదు. ఏడవ లేక ఎనిమిదవ తరగతి వఱకు మాతృభాషలోను, ఆపై గణిత విజ్ఞానశాస్త్రములను ఆంగ్లమునను బోధింపవలెనని నవోదయ విధానము. 2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి వఱకు ఆంగ్లబోధన ప్రవేశపెట్టబడినది. ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఆంగ్లముగా నున్న పుస్తకము లియ్యబడినవి.

మేము ఆంగ్లమును వలదనము. అది రానందున వెనుకబడిన వారిని జూచియే యున్నాము. కాని యా తెలుగుపుటను త్రిప్పివేసి పోరాదని మా మనవి. నాడు ఉర్దూ నిలిచినచోట నేడు ఆంగ్లము నిలిచి, ఇంటిభాష మరల వాకిటనే యుండినచో మన పిల్లలు వాక్యములను మార్తురు గాని భావములను గ్రహింపరు. ఇందుకు ఆంగ్లము రాని తల్లియు సాయపడగలదు. "బిడ్డా, దీంట్ల ఏం జెప్పిండు?" అని యామె యడుగుగాక. బిడ్డ తన తెలుగున జెప్పగలిగెనా, అర్థము చేతజిక్కినట్లే. ఆపై ఆంగ్లమున నెన్ని రూపములుగా మార్చినను అది చెడదు.