రైలు తెచ్చిన సరుకు, ఇల్లు చేసిన వస్తువు

పాత చీరతో బొంత, చిత్తుకాగితంతో గంప, మందు సీసాతో దీపం. ఇంట్లో మూలపడ్డ వాటితో చేసే ఈ పనుల గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండు మాటల్లో ఒకటి అంటారు. అనాదిగా వస్తున్న పల్లె విద్య అని కొందరు, లేమి నేర్పిన పని అని కొందరు. వికారాబాద్, తాండూరు ప్రాంతపు చరిత్రను దగ్గర పెట్టుకుని చూస్తే ఈ రెండు మాటలూ పూర్తిగా నిలవవు. బొంతను పక్కన పెడితే, వీటిలో చాలావాటి వయసు నూటయాభై ఏళ్లకు మించదు. వాటిని నడిపించింది లేమి ఒక్కటే కాదు. గడప దాటి లోపలికి వచ్చిన ప్రతి వస్తువు గుణమూ పట్టుకుని, ఏది చెడితే ఏది అవుతుందో తేల్చిన తెలివి కూడా.

1874 అక్టోబరులో సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం రైలు నడిచింది. వికారాబాద్, తాండూరు ఆ దారిలోని స్టేషన్లే. అంతకుముందు దక్కన్‌లో దూరప్రాంతాల సరుకు చాలావరకు లంబాడాల ఎద్దుల మీదే సాగింది. ఉప్పు, ధాన్యం గోనెల్లో నింపి, ఎద్దుల వీపున వేసి, మందలు మందలుగా తోలుకుపోయేవారు. మొగలు సైన్యాలకూ, తర్వాత ఆంగ్లేయ సైన్యాలకూ ఈ నేల మీద తిండిగింజలు చేరవేసింది వాళ్లే. ఎద్దు మోయగలిగింది కొంతే కాబట్టి ఉప్పూ గింజా ముందు, తక్కినవన్నీ తర్వాత. రైలుతో ఆ లెక్క మారింది. గుల్బర్గాలో 1880ల్లో పెట్టిన మహబూబ్‌షాహీ మిల్లు బట్ట, బొంబాయి మిల్లుల బట్ట, రేకు డబ్బాల్లో గాసునూనె (కిరోసిన్), గాజు సీసాల్లో మందులు క్రమంగా అంగళ్లకు చేరాయి. తాండూరు నాపరాయి అదే పట్టాల మీద బయటికి పోయింది. సరుకు అయిపోయాక డబ్బా, సీసా, సంచి ఇంట్లోనే మిగిలిపోవడం అప్పుడు మొదలైంది. మిగిలేది లేనిచోట మిగిలినదానితో చేసే పని ఎక్కడినుంచి వస్తుంది?

దీనికి రాతపూర్వకమైన ఆధారం ఏదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రెవెన్యూ కాగితాలు పొలాలనూ శిస్తునూ లెక్కపెట్టాయి కానీ ఆడవాళ్లు కుట్టిన బొంతలను లెక్కపెట్టలేదు. అరిగిపోయేదాకా వాడి పారేసిన వస్తువు ఏ భాండాగారంలోనూ దొరకదు. అయినా వస్తువే సాక్ష్యం చెబుతుంది. బుడ్డిదీపాన్నే తీసుకోండి. ఆముదం ప్రమిదలో మూత లేకుండానే నింపాదిగా వెలుగుతుంది. గాసునూనె అలా కాదు, మూత లేకపోతే మొత్తం భగ్గుమంటుంది. అందుకని ఖాళీ మందు సీసా తీసుకుని, మూతకు చిల్లు పొడిచి, డబ్బా రేకు ముక్కను సన్నని గొట్టంగా చుట్టి అందులో దించి, చిరిగిన పంచె పేలికను వత్తిగా ఎక్కించారు. సీసా, రేకు, గాసునూనె మూడూ ఊరికి చేరకముందు ఈ దీపం పుట్టే వీలే లేదు. ఒక కొత్త నూనె స్వభావాన్ని అర్థం చేసుకుని, దానికి సరిపడే పనిముట్టును ఆ నూనెతోపాటు వచ్చిన చెత్తలోంచే తయారు చేశారంటే అది అనాదిగా వచ్చిన అలవాటు కాదు, ఆ కాలానికి చెందిన కొత్త ఆలోచన.

కాగితం కథ ఇంకా తర్వాతిది. బడి పుస్తకమో పత్రికో ఇంటికి రావాలి, చదివాక పనికిరానిది కావాలి. సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను ప్రారంభించింది 1926లో. పల్లె ఇళ్లలో చిత్తుకాగితం పోగుపడటానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టి ఉంటుంది. ఆ కాగితాలను చించి నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డాక నానిన మెంతులతో కలిపి రోట్లో రుబ్బుతారు. మెంతులు నానితే జిగురు వస్తుంది, ఆరితే ఆ జిగురు గట్టిగా పట్టేస్తుంది. ఆ ముద్దను బోర్లించిన కుండ మీదో బిందె మీదో మందంగా అలికి ఎండబెడితే, రెండు మూడు రోజులకు గంప చేతికి వస్తుంది. అదే ముద్దను మేదరి అల్లిన వెదురు చాటకు పూస్తే సందులు పూడి, రవ్వా పిండీ కింద రాలవు. మెంతుల చేదుకు పురుగు రాదని పెద్దల నమ్మకం. ఇక్కడ మెంతులు పాతవి, కాగితం కొత్తది. వంటింట్లో ఎప్పటినుంచో తెలిసిన గుణాన్ని ఎన్నడూ చూడని పదార్థానికి కలిపారు. నేను విలువైనదిగా ఎంచేది ఈ కలపడాన్నే.

బొంత మాత్రం రైలు కన్నా చాలా పాతది. బొంత కప్పుకుని తిరిగే జంగాలు, జోగులు పాత తెలుగు సాహిత్యానికి తెలుసు. అయితే ఇంటింటా మంచానికీ మనిషికీ బొంత ఉండాలంటే అంత పాతబట్ట ఉండాలి, దాన్ని చేకూర్చింది మిల్లు నూలు. తాండూరు వైపు నేలలో పొరలు పొరలుగా దొరికే నాపరాయే ఇళ్లలో నేల, చాలాచోట్ల గోడ కూడా. చలికాలం రాత్రి ఆ బండ మీద పలుచని చాప చాలదు. చీరను గంజి పోయేదాకా ఉతికి ఆరేస్తారు. గట్టిగా ఉన్న చీర కింద ఒకటి, పైన ఒకటి, నడుమ పంచె ముక్కలు, పాత రవికలు. ముడత లేకుండా పరిచి, అంచు నుంచి లోపలికి చదరంలో చదరంగా కుట్టుకుంటూ పోతారు. వరుసకూ వరుసకూ వేలెడు ఎడం దాటితే, ఉతికినప్పుడు లోపలి పేలికలు ఒకచోటికి జారి ఉండలు కడతాయి. సరిహద్దు దాటితే కన్నడ పల్లెల్లో ఇదే కౌది, బెంగాల్లో కాంథా, జపాన్లో బోరో. పలుచని బట్టను పొరలుగా చేర్చితే వెచ్చగా ఉంటుందని ఒకరినుంచి ఒకరు నేర్చుకోనవసరం లేకుండానే ఇన్నిచోట్ల తెలుసుకున్నారు.

ఇదంతా పేదరికమే అనేవారి మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 1943లో బ్రిటిష్ ఇండియాలో నూలు బట్టకు కంట్రోలు పెట్టాల్సి వచ్చినంత కొరత ఏర్పడింది. కొత్త బట్ట కొనలేక బొంత కుట్టుకున్నవాళ్లు లెక్కలేనంత మంది. కానీ పేదరికమే మూలమైతే కలిగినవాళ్ల ఇళ్లలో ఈ పని ఉండకూడదు. పసిబిడ్డ పొత్తిగుడ్డలను చూడండి. పెట్టెనిండా కొత్త చీరలున్న ఇంట్లో కూడా పుట్టిన బిడ్డను చుట్టేది అమ్మమ్మ పాత నూలుచీర ముక్కలోనే. పదే పదే ఉతికిన నూలుకు వచ్చే మెత్తదనం కొత్త బట్టకు రాదు. అక్కడ పాతది కొత్తదానికి బదులుగా రాలేదు, కొత్తదాని కన్నా మేలని ఎంచి తీసుకున్నారు.

తండాల సంగతి ఇంకా గట్టి రుజువు. రైలు రవాణా వృత్తిని లాగేసుకున్నాక లంబాడాలు పరిగి, కొడంగల్, తాండూరు, వికారాబాద్ చుట్టుపక్కల తండాల్లో స్థిరపడి వ్యవసాయానికీ కూలికీ దిగారు. బతుకుతెరువు పోయినా కుట్టు పోలేదు. పేటియా (పావడా), కాంచళి (రవిక), టుక్రి (తలముసుగు) ముక్కలు కలిపి కుట్టినవే, వాటినిండా అద్దాలు, గవ్వలు, నాణేలు. అద్దం, దారం బజారులో కొన్నవే కదా, ఇది పాతవాటితో చేసిన పని ఎలా అవుతుందని అభ్యంతరం రావచ్చు. కొన్నవే, నిజం. కానీ పాత పేటియా చిరిగితే అద్దాల పట్టీని విప్పి కొత్తదానికి మార్చి కుడతారు. గవ్వ ఒకప్పుడు ఈ దేశంలో చిల్లరగా చెల్లింది. హైదరాబాద్ సంస్థానపు సొంత నాణెం హాలి సిక్కా 1950ల చివరలో చలామణి నుంచి తప్పుకుంది. అంగట్లో చెల్లని నాణెం కొంగుకూ మెడకూ చెల్లింది. ఒళ్లు కప్పుకోవడమే అవసరమైతే ఇంత పనితనం అక్కర్లేదు. సర్కారు విలువ తీసేసిన దానికి మరో విలువ కట్టగల ధీమా ఆ కుట్టులో ఉంది.

ఇప్పుడు ఈ పనులు తగ్గాయి. అది చేతిలో డబ్బు ఆడటం వల్లనే అని తేల్చేయడం కూడా తొందరపాటే. నైలెక్స్, పాలిస్టర్ చీరలు వచ్చాక బొంతకు కావలసిన ముడిసరుకే పోయింది. ఆ బట్ట చెమట పీల్చదు, సూది కింద జారుతుంది, ఎన్నేళ్లు ఉతికినా నూలులా మెత్తబడదు. మిగిలిన నూలుచీరలను పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చేవాళ్లు ఎత్తుకుపోయారు. వాళ్లిచ్చిన స్టీలు డబ్బా కాగితం గంప చోటులోకి వచ్చింది. రగ్గు కొనుక్కోగలిగినవాళ్లను బొంత కుట్టుకోమని చెప్పే హక్కు ఎవరికీ లేదు, నేనూ చెప్పను. కానీ ఆ పాలిస్టర్ చీర చివరికి ఊరి చివర చెత్తకుప్పలో తగలబడుతోంది. కలిమి వచ్చింది, చెత్త తరగలేదు. మనుషుల ఓపిక తగ్గిందని నిందించడం కన్నా ఇంటికి వచ్చే వస్తువు మారిందని చెప్పడమే సత్యానికి దగ్గర.

నేర్పు పోలేదనడానికి కంది కోతల తర్వాత కల్లాలే సాక్ష్యం. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు పేరు అందరికీ తెలుసు. ఆ కందులు ఆరబోసే పట్టా మీద మాత్రం ఎవరి కన్నూ పడదు. ఖాళీ సిమెంటు సంచులు, యూరియా సంచులు కుట్టు విప్పి, కడిగి, దబ్బనంతో ఒకదానికొకటి కలిపి కుట్టిన పట్టాలవి. కరణ్‌కోట్‌లో సిమెంటు ఫ్యాక్టరీ ఉన్న ప్రాంతంలో అలాంటి సంచికి కొదవ లేదు. నేల తడిని గింజకు సులువుగా అంటనీయని, గింజ గుచ్చుకున్నా చిరగని అల్లిక అది, ఆ గుణం చూసే కల్లానికి తెచ్చారు. ఇక్కడి బడుల్లో పిల్లల చేత ప్లాస్టిక్ సీసాను కోయించి, రంగులు వేయించి పూలకుండీ చేయిస్తున్నప్పుడు ఆ పట్టాను కూడా తరగతి గదికి తీసుకురావాలి. ఈ పదార్థం దేనికి ఓర్చుకుంటుంది, దేనికి ఓర్చుకోదు అన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది. 2016లో ఏర్పడిన ఈ జిల్లా తన వస్తువులను కూడబెట్టుకునే పనికి పూనుకుంటే మొదట సేకరించవలసింది పాత బొంతలనే. కుట్టు విప్పకుండానే, అరిగి చిరిగిన చోట చూస్తే చాలు. లోపల చేనేత పంచె, దానిపైన మిల్లు చీర, ఆఖరున మాసిక వేసిన నైలెక్స్ ముక్క వరుసగా కనిపిస్తాయి. ఏ బట్ట తర్వాత ఏ బట్ట ఇంటికి వచ్చిందో రెవెన్యూ కాగితాలు చెప్పనిది అక్కడ చదువుకోవచ్చు.