రీలు ఎక్కించిన చెయ్యి

మా మార్కాపురంలో దీపావళి వచ్చిందంటే తమ్ముడికి రీలు తుపాకీ, నాకు కాకరపువ్వొత్తులు. తుపాకీలో రీలు ఎక్కించి ఇవ్వడం మాత్రం నా పని. ఆ రేకు తుపాకీ ఇప్పుడు నా బీరువాలో ఉంది. పాత బొమ్మ తుపాకీలు సేకరించేవాళ్ళ పుస్తకాలు చదవడం దానితోనే మొదలైంది.

వాళ్ళకి ప్రాణం పోత ఇనుము తుపాకీలంటే. 1865లో అంతర్యుద్ధం ముగిశాక అమెరికాలోని పోత కార్ఖానాలు వీటిని విరివిగా చేశాయి. రెండో ప్రపంచయుద్ధంలో ఇనుము ఆయుధాలకు మళ్ళడంతో ఆ తయారీ దాదాపు ఆగింది. తర్వాత జింకు మిశ్రమం, ప్లాస్టిక్ వచ్చాయి.

వాటిలో ఒకదాని దగ్గర ఆగిపోయాను. 1880 ప్రాంతంలో ఐవ్స్ కంపెనీ చేసిన ఆ తుపాకీ పేరు ‘చైనావాళ్ళు వెళ్ళిపోవాల్సిందే’. మీట నొక్కితే ఒకడు చైనా మనిషిని వెనకనుంచి తంతాడు, మందుబిళ్ళ పేలుతుంది. పిల్లలు నవ్వాలి. కాలిఫోర్నియా వీధుల్లోని ఆ నినాదమే 1882లో చట్టమై చైనా కూలీల రాకను నిషేధించింది.

ఆ బొమ్మలో చైనా స్త్రీ లేదు. వ్యభిచారం నెపంతో 1875 నాటి పేజ్ చట్టం ఆమెను అప్పటికే రేవులో ఆపేసింది. తన్నులు తినడానికైనా ఆమె అక్కడ లేదు.

నేను చూసిన పుస్తకాల్లో పోత, రంగు, తుప్పు, ధర అన్నీ ఉన్నాయి. ఆట ఎవరి చేతికిచ్చారో, ఎవరిమీద గురిపెట్టమన్నారో లేదు. అందుకే నా రేకు తుపాకీకి చీటీ కట్టాను: ‘పేల్చింది తమ్ముడు. రీలు ఎక్కించింది అక్క.’