సైనికుల సొంత సామాను

యుద్ధకాలంలో సైన్యం ఇచ్చినవి కాక, సైనికులు సొంత డబ్బుతో కొనుక్కున్న చేతిగడియారం, చాకు, మంగలికత్తి, ట్రంకుపెట్టె వంటి వస్తువులు. రెండు ప్రపంచ యుద్ధాలకూ సైనికులను పంపిన పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వంటి ఊళ్ల చరిత్రకు ఇవి విలువైన ఆధారాలు.

గుర్తింపు: బ్రిటిష్ సర్కారు సరఫరాపై సాధారణంగా బాణం ముద్ర ఉంటుంది, రెండో యుద్ధపు సైనిక గడియారాలు కొన్నింటి వెనుక ‘ఏ.టి.పి.’ అక్షరాలుంటాయి. సొంత వస్తువుపై వ్యాపారి ముద్రో, చెక్కించుకున్న పేరో కనిపించవచ్చు. బాణం ముద్ర లేకపోవడం ఒక్కటే సొంత వస్తువనడానికి రుజువు కాదు. వస్తువుపై ఉన్న పేరును ఆ సైనికుడి యుద్ధ పతకం అంచున ఉన్న పేరు, నంబరుతో పోల్చాలి.

సేకరణ: పాతదనాన్ని తోమి పోగొట్టకూడదు, గోదావరి డెల్టా తేమ తగలనీయకూడదు. కుటుంబం చెప్పిన వివరాలను వస్తువుతోపాటే రాసి ఉంచాలి. వందేళ్లు దాటిన చారిత్రక వస్తువుల ఎగుమతికి 1972 పురావస్తు చట్టం వర్తిస్తుంది.